ఇంటి పనికి 600 వాట్ల ఇంపాక్ట్ డ్రిల్: ఏళ్ల వాడకం తర్వాత

డ్రిల్లింగ్ మిషన్ కొనబోయే వాళ్లంతా ముందు వాట్ల సంగతి అడుగుతారు. దానికన్నా ముందు చూసుకోవాల్సింది గోడ. ఎర్ర ఇటుక, ఫ్లై యాష్ ఇటుక, సిమెంటు బ్లాకులతో కట్టిన ఇల్లయితే 13 మి.మీ. చక్ (బిట్‌ని పట్టి ఉంచే మూతి) ఉన్న 600 వాట్ల వైరు ఇంపాక్ట్ డ్రిల్ చాలు. నా దగ్గరున్నది ఆ రకమే. ధర మూడు వేలకు అటూ ఇటూ ఉంటుంది. కర్టెన్ రాడ్లు, గీజరు, గోడ అలమరలు, ఇనుప గేటుకు గొళ్లెం, ఇలాంటి పనులకు ఇన్నేళ్లలో ఎక్కడా వెనకాడలేదు.

కాంక్రీటు దగ్గర మాత్రం కథ వేరు. ఈ మిషన్ లోపల పళ్లున్న రెండు చక్రాలు ఒకదాని మీద ఒకటి జారుతూ కొట్టుకుంటాయి. నిమిషానికి పదుల వేల దెబ్బలు పడతాయి గానీ ఒక్కో దెబ్బలో బలం తక్కువ, అదీ మనం నొక్కినంతే. ఇటుకకు అది చాలు. లింటెల్, బీమ్, పిల్లరు, స్లాబు దగ్గర 6 మి.మీ. బెజ్జాలు ఒకటో రెండో ఓపిగ్గా వేసుకోవచ్చు. 10 మి.మీ. అంటే చేతులు నొప్పెట్టడమే మిగులుతుంది, బిట్ మొన నీలం రంగుకు తిరుగుతుంది. అలా కాలిన బిట్‌కి కొనలో అతికించిన గట్టి లోహపు (కార్బైడ్) ముక్క ఊడిపోతుంది. హైదరాబాదులో మైవాన్ పద్ధతిలో (అల్యూమినియం అచ్చుల్లో గోడలనీ స్లాబునీ కాంక్రీటుతోనే పోసే పద్ధతి) కడుతున్న టవర్లలో లోపలి గోడ కూడా కాంక్రీటే. అలాంటి ఫ్లాటులో ఉండేవాళ్లు ఇంపాక్ట్ డ్రిల్ కొనొద్దు, ఎస్‌డీఎస్ ప్లస్ (గాళ్లున్న బిట్ తాళం లేకుండా బిగిసే రకం) రోటరీ హ్యామరే తీసుకోండి. అందులో పిస్టన్ గాలిని నొక్కి బిట్‌ని కొడుతుంది. నిమిషానికి దెబ్బలు నాలుగైదు వేలే అయినా ఒక్కో దెబ్బ గట్టిగా దిగుతుంది, మనం ఒత్తాల్సిన పని పెద్దగా ఉండదు.

బెజ్జం వేస్తున్నప్పుడు రాలే పొడిని చూస్తూ ఉండాలి. మొదట బూడిద రంగు వస్తే అది ప్లాస్టరింగ్, మామూలుగా 12 నుంచి 15 మి.మీ. మందం. తర్వాత ఎరుపు తిరిగితే ఇటుకలోకి దిగినట్టు. ఎరుపు వచ్చి మళ్లీ బూడిద రంగు వస్తే ఇటుకల మధ్య సిమెంటు అతుకులో పడ్డారు. అక్కడ ప్లగ్ (స్క్రూ పట్టడానికి బెజ్జంలో దూర్చే ప్లాస్టిక్ గొట్టం) గట్టిగా పట్టదు, బరువు మోసేదైతే కాస్త పక్కకు జరగండి. కాంక్రీటులో బిట్ ఉన్నట్టుండి ఆగిపోయి, శబ్దం కీచుమని మారి, పొడిలో మెరుపు కనిపిస్తే ఊచ తగిలినట్టే. ఇంకా నొక్కితే బిట్ పోతుంది. రెండు మూడు సెంటీమీటర్ల అవతల కొత్తగా మొదలుపెట్టడమే మార్గం.

6 మి.మీ. ప్లగ్ సుమారు 30 మి.మీ. పొడవు, 8 మి.మీ. ప్లగ్ 40 మి.మీ. ఉంటాయి. బెజ్జం అంతకన్నా 10 మి.మీ. లోతు ఉండాలి, లేకపోతే పొడి అడుగున చేరి ప్లగ్ బయటికే నిలబడుతుంది. బిట్‌కి ఆ లోతు దగ్గర టేప్ చుట్టండి. షెల్ఫులు కొన్నాళ్లకే వదులై ఊడిపోవడానికి తరచూ కారణం ప్లగ్ ప్లాస్టరింగ్‌లోనే ఉండిపోవడం, మిషన్ తప్పు కాదు. ఏఏసీ బ్లాకు (గాలి బుడగలున్న తేలికపాటి సిమెంటు బ్లాకు) గోడకి హ్యామర్ (దెబ్బలు కొట్టే మోడ్) ఆపేసి డ్రిల్ మోడ్‌లోనే వేయాలి, లేకపోతే బెజ్జం వెడల్పయి ప్లగ్ గిరగిరా తిరుగుతుంది. టైల్ మీద కూడా అంతే: హ్యామర్ వద్దు, ఈటె మొన ఉన్న టైల్ బిట్, తక్కువ స్పీడు, జారకుండా మాస్కింగ్ టేప్. టైల్ దాటాకే బిట్ మార్చి హ్యామర్ వేయాలి. విట్రిఫైడ్ టైల్‌కి ఆ బిట్ సరిపోదు, నీళ్లు చల్లుతూ డైమండ్ బిట్ వాడాలి. స్విచ్ బోర్డుకి నిలువుగా పైనా కిందా, అడ్డంగా పక్కనా వైర్ల పైపులు పోయి ఉంటాయి. ఆ వరసలో బిట్ పెట్టకండి.

ఇక మిషన్ ఎక్కడ దెబ్బతింటుందో చెప్తాను. ట్రిగ్గర్ సగమే నొక్కి, బరువు వేసి ఎక్కువసేపు వాడటం ప్రమాదం. చల్లబరిచే ఫ్యాన్ ఆర్మేచర్ (మోటారులో తిరిగే భాగం) మీదే ఉంటుంది, మోటారు నెమ్మదిగా తిరిగితే గాలీ తగ్గుతుంది, వైండింగ్ (లోపలి రాగి తీగ చుట్టలు) వేడెక్కుతుంది. వేడిగా అనిపిస్తే బిట్ బయటికి తీసి ఒక నిమిషం ఫుల్ స్పీడులో ఊరికే తిప్పండి, ఆపేయడం కన్నా అదే త్వరగా చల్లారుస్తుంది. గాలి పోయే సందుల్లోంచి చిన్న నిప్పురవ్వలు కనిపించడం మామూలే. అవి గుండ్రంగా చుట్టుకుంటూ మండుతున్నట్టుంటే కార్బన్ బ్రష్‌లు (తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ ముక్కలు) చూడండి. 5 మి.మీ. దాకా అరిగితే రెండూ ఒకేసారి మార్చాలి, ఒకటి పాతది ఉంచకూడదు. వైరు తెగేది ఎక్కువగా పిడి దగ్గర, లోపలే. పిడి పట్టుకుని వైరు కదిపితే మిషన్ ఆగి ఆగి నడుస్తుందంటే అదే. పాడైన జానెడు ముక్క కత్తిరించి మళ్లీ బిగిస్తే సరిపోతుంది. బిట్ జారుతోందంటే చక్ తాళాన్ని ఒక్క రంధ్రంలోనే బిగిస్తున్నారేమో చూసుకోండి. మూడింట్లోనూ తిప్పాలి.

అందుకే కొనేటప్పుడు కార్బన్లు, స్విచ్ మీ ఊళ్లో దొరుకుతాయా అని అడగడం వాట్లు చూడటం కన్నా ముఖ్యం. బాష్, మకీటా, డివాల్ట్ లాంటి వాటికి సికింద్రాబాద్ రాణీగంజ్ లాంటి మార్కెట్లలో విడిభాగాలు అందుతాయి. పేరు తెలియని ఆన్‌లైన్ మిషన్లకి స్విచ్ పోతే మిషనే పోయినట్టు. షాపులోనే సన్నటి 3 మి.మీ. బిట్ బిగించి తిప్పించుకుని మొన చూడండి, అది గుండ్రంగా ఊగుతూ కనిపిస్తే వేరేది అడగండి.

ఈ డ్రిల్ స్క్రూలు బిగించడానికి పనికిరాదు. స్క్రూ బిగిసాక తిప్పడం ఆపే క్లచ్ లేదు కాబట్టి స్క్రూ తల కొట్టుకుపోతుంది, లేదా ప్లైవుడ్‌లోకి దిగబడిపోతుంది. ఫర్నిచర్ పని ఎక్కువుంటే 12 వోల్టుల బ్యాటరీ డ్రిల్ ఒకటి విడిగా ఉంచుకోండి. ఏడాదికి నాలుగైదు బెజ్జాలే వేసేవాళ్లకి మాత్రం బ్యాటరీది దండగ. వాడినా వాడకపోయినా లిథియం సెల్స్ పాతబడుతూనే ఉంటాయి, మన ఎండాకాలంలో మేడ మీది గదిలో ఫుల్ చార్జ్‌తో పెడితే మరీ తొందరగా. వాడనప్పుడు సగం చార్జ్‌లో, చల్లటి చోట ఉంచండి.