మిద్దె తోటల జిప్సం పొడి: పనితనం బాగుంది, పుట్టిల్లు చెప్పలేదు

గాజువాకలోని ఒక ఎరువుల దుకాణంలో మిద్దె తోటల కోసం అమ్ముతున్న ఐదు కిలోల జిప్సం సంచి గురించి ఈ సమీక్ష. పొడి మెత్తగా ఉంది, గడ్డలు లేవు, తేమ తగలని మందపాటి సంచిలో నింపారు. స్వచ్ఛమైన జిప్సంలో దాదాపు 23 శాతం కాల్షియం, 18 శాతం గంధకం ఉంటాయి. వేరుశనగలో ఊడలు (పూత తరువాత కాయ కట్టడానికి నేలలోకి దిగే కాడలు) దిగాక, కాయలు కాల్షియాన్ని నేలలోంచి నేరుగా తీసుకుంటాయి కనుకనే మన రైతులు ఆ దశలో ఎకరాకు 200 కిలోలు వేస్తారు. మా కుండీల్లోనూ ఈసారి గింజ నిండని కాయలు తక్కువే. తీరానికి దగ్గరగా ఉండి, ఉప్పదేలిన బోరు నీటితో మొక్కలు తడిపేవారికి ఇది మరింత ఉపయోగం. కాల్షియం మట్టి రేణువులను పట్టుకున్న సోడియాన్ని తొలగించి నీటితో కిందికి పంపుతుంది. కుండీ అడుగున రంధ్రం మూసుకుపోకుండా చూసుకోవాలి. అయితే సంచి మీద "నేల పులుపును తగ్గిస్తుంది" అని రాయడం తప్పు. ఆ పని సున్నానిది. జిప్సం పీహెచ్‌ను చెప్పుకోదగినంతగా మార్చదు.

అసలు అభ్యంతరం వేరే ఉంది. సంచి మీద "సహజ ఖనిజం" అన్న మాట తప్ప, ఎక్కడ తవ్వారో లేదు. అది తెలియడం ఎందుకు ముఖ్యమంటే, లీటరు నీటిలో రెండు గ్రాములకు పైగా కరిగిపోయే ఈ జిప్సం రాయి విశాఖ వంటి వానల చోట నేల పైభాగంలో నిలవదు. వానలు తక్కువ పడే ప్రాంతాల్లోనే నిలిచి, తనదైన అరుదైన నేలను ఏర్పరుస్తుంది. పైన గట్టి పెచ్చు, కింద పోషకాల కొరత ఉండే ఆ నేలలో వేరెక్కడా పెరగని మొక్కలు కొన్ని బతుకుతాయి. స్పెయిన్‌లోని ఇటువంటి నేలలను ఐరోపా సమాజం 1992 నాటి ఆవాసాల ఆదేశంలో (అరుదైన మొక్కలు, జంతువులు బతికే చోట్లను కాపాడే చట్టం) ప్రాధాన్య ఆవాసంగా చేర్చింది. అల్మేరియా ప్రాంతంలోని సోర్బాస్ జిప్సం గుహల భూమికి 1989లోనే రక్షణ లభించింది, అయినా ఆ చుట్టుపక్కల గనులు నడుస్తూనే ఉన్నాయి. పైపొర లేచిపోతే దానిమీద లైకెన్లు (శిలీంధ్రం, శైవలం కలిసి బతికే జీవులు) అల్లిన పెచ్చు తిరిగి ఏర్పడడానికి దశాబ్దాలు పడుతుంది.

మన దేశంలో తవ్వే జిప్సంలో అత్యధిక భాగం రాజస్థాన్‌ది. ఈ సంచిలోది ఏ అరుదైన నేల నుంచో వచ్చిందని అనడం లేదు. గని పేరు ముద్రించమనడం మాత్రం న్యాయమైన కోరికే. విశాఖలోనే ఫాస్ఫారిక్ ఆమ్లం తయారీలో ఉపఉత్పత్తిగా ఫాస్ఫోజిప్సం వస్తోంది. దాని కోసం కొత్తగా ఏ గుట్టనూ తవ్వనక్కరలేదు. కాకపోతే అందులో మిగిలే ఆమ్లం, ఫ్లోరైడు, స్వల్ప రేడియం (రేడియోధార్మిక మూలకం) దృష్ట్యా, కూరగాయల కుండీలకు వాడేముందు పరీక్ష వివరాలు అడగడం మంచిది.

పొడికి ఐదుకు నాలుగు, సంచి మీది సమాచారానికి ఒకటి. మామూలు ఎర్రమట్టిలో, మంచినీటితో ఆకుకూరలు పెంచుకునేవారు దీన్ని కొనవలసిన పనే లేదు.