రొయ్యల చెరువు నీటికి వెలుగు పరీక్ష చేయించాను

ఇందుకూరుపేట మండలంలో మాకు మూడు వనామీ చెరువులున్నాయి. రాత్రి పూట టార్చి ఆర్పినప్పుడు నీరు మిణుకుమందంటే నాకు గుండె జారుతుంది. రొయ్యలకు జబ్బు తెచ్చే మెరిసే సూక్ష్మజీవి విబ్రియో హార్వేయి వచ్చిందేమోనని భయం. అలాంటి మెరిసే సూక్ష్మజీవులతోనే నెల్లూరులో ఒక ల్యాబు వాళ్ళు నీటిలో విషం కనిపెడుతున్నారని విని మొదట నవ్వాను.

కార్తీక మాసం వానలకు రెండో చెరువులో ఉప్పదనం పడిపోయింది. నాచు ముదిరిందని మా కాపలా మనిషి మైలుతుత్తం (రాగి ఉండే మందు) చల్లాడు. ఎంత చల్లాడో అతనికే లెక్క లేదు. మూడో రోజుకి చెక్ ట్రేలో, అంటే రొయ్యలు తింటున్నాయో లేదో చూసే పళ్ళెంలో, వేసిన మేత వేసినట్టే ఉంది. అమ్మోనియా, పీహెచ్ చూస్తే మామూలే. ఇక ఆ ల్యాబుకే వెళ్ళాను.

వాళ్ళు వాడేది అలీవిబ్రియో ఫిషెరి అనే సూక్ష్మజీవి, హార్వేయికి చుట్టమే. ఫ్రీజరులో పొడిగా ఉంటుంది, తడి తగిలితే లేచి వెలుగుతుంది. 2 శాతం ఉప్పు, 15 డిగ్రీల చల్లదనం దానికి కావాలి. మన నీరు కలిపి 15 నిమిషాలకు, 30 నిమిషాలకు వెలుగు కొలుస్తారు. పక్కనే ఉత్త ఉప్పునీటి గొట్టం పెట్టి దానితో పోల్చి చూస్తారు. నీటిలో విషం ఉంటే వెలుగు తగ్గుతుంది. మా నీటికి అరగంటలో వెలుగు సగానికి పైగా తగ్గింది.

తగ్గిందని తెలుస్తుంది గానీ లోహమా, పురుగుమందా అన్నది తెలియదు. అప్పుడు అక్కడి అమ్మాయి అదే నీటిలో కాస్త ఈడీటీఏ కలిపి మళ్ళీ పెట్టింది. హేచరీల్లో లోహాలను కట్టిపడెయ్యడానికి వేసే ఈడీటీఏనే. వెలుగు దాదాపు మొదటికి వచ్చింది. "లోహమే అక్కా" అంది. నా డబ్బు గిట్టింది ఆ ఒక్క గొట్టంతోనే. ఏ లోహమో తేల్చడానికి నీటిని వేరే చోట లోహాలను కొలిచే ఏఏఎస్ యంత్రానికి పంపితే అయిదు రోజులకు రాగి అని వచ్చింది. ఉప్పదనం, క్షారత తగ్గిన నీటిలో రాగి విషం ఎక్కువవుతుందట. ఎండాకాలం వేసే మోతాదు వానల్లో వెయ్యకూడదన్నమాట.

ఇక నా ఫిర్యాదులు. నీరు బురదగా, రంగుగా ఉంటే వెలుగు లెక్క తప్పుతుందని ఫోనులో ఒక్క మాట చెప్పలేదు. మొదటి సీసా పారబోసి మళ్ళీ ఊరికి పోయి తేవలసి వచ్చింది. ఈడీటీఏ పరీక్షకు వేరే రుసుమని బిల్లు చేతికిచ్చాకే చెప్పారు. రిపోర్టంతా ఇంగ్లీషు, అందులో శాతాలు తప్ప ఇంకేమీ లేవు.

ఒకటి మాత్రం మెచ్చుకోవాలి. మా అత్తగారు ఇంటి బోరు నీరు కూడా సీసాలో పోసి పంపారు. తాగే నీటిలో సీసం లీటరుకు 0.01 మిల్లీగ్రాము దాటకూడదు, అంత కొంచేనికి ఈ జీవులు చలించవు, దీనికి యంత్రమే కావాలి అని చెప్పి ఆ సీసాకు డబ్బు తీసుకోకుండా తిరిగి ఇచ్చేశారు.