నమీబియా ఎడారికి సర్దుకున్న బ్యాగు: ఆరు ప్రయాణాల తర్వాత

మా తమ్ముడు ఆఫ్రికా నైరుతి తీరాన ఉన్న నమీబియాలో, వాల్విస్ బే పోర్టులో పనిచేస్తాడు. 2017 ఆగస్టులో మొదటిసారి వాడి దగ్గరికి వెళ్లాను. మధ్యలో కరోనా వల్ల రెండేళ్లు ఆగినా, 2024 ఆగస్టుతో ఆరుసార్లు వెళ్లొచ్చినట్టయింది. వెళ్లినప్పుడల్లా మూడు వారాలకు తక్కువ ఉండను. అందులో వారం పది రోజులు టెంటులోనే గడుస్తాయి. రెండో ప్రయాణం నుంచి ఒకే బ్యాగు, దాదాపు అదే సామాను. ఎడారి దేశానికి ఏం సర్దుకోవాలని నన్ను అడిగేవాళ్లు ఎక్కువయ్యారు, అందుకే వాడి చూసినవన్నీ ఒకచోట రాస్తున్నాను.

అన్నిటికన్నా ముందు చెప్పాల్సింది ఒకటుంది. ఎండను తలుచుకుని సర్దుకోకండి. మాది అనంతపురం, ఎండ మాకు కొత్త కాదు. ఆ ధైర్యంతోనే మొదటిసారి పల్చటి కాటన్ చుడీదార్లు, టోపీ, గొడుగు, సన్‌స్క్రీన్ పెట్టుకుని వెళ్లాను. అక్కడ ఆగస్టు అంటే చలికాలం. వాల్విస్ బేలో దిగితే మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు కనబడలేదు. సముద్రం మీంచి పొగమంచు, చెవులు కోసేసే గాలి. "స్వెట్టర్ ఏదక్కా?" అన్నాడు తమ్ముడు. తెచ్చుకోలేదు. ఆ వారమంతా వాడి జాకెట్ వేసుకునే తిరిగాను. గొడుగు మొదటి రోజే గాలికి తిరగబడి కమ్మీలు విరిగింది.

ఆ తీరం వెంట బెంగ్వెలా అనే చల్లటి సముద్ర ప్రవాహం ఉత్తరంగా సాగుతుంది. పొగమంచు దాని వల్లే, వాన పడకపోవడమూ దాని వల్లే. అనంతపురంలో ఏడాదికి 55 సెంటీమీటర్లు పడితేనే కరువు జిల్లా అంటున్నాం. వాల్విస్ బేలో రెండు సెంటీమీటర్లు కూడా పడదు. పోనీ అంతా చలేనా అంటే అదీ కాదు. అదే చలికాలంలో ఒక్కోరోజు తూర్పు నుంచి ఎడారి మీదుగా వేడిగాలి వీస్తుంది. ఆ రోజు 30 డిగ్రీలు దాటిపోతుంది, కిటికీలు మూసినా ఇంట్లోకి ఇసుక వస్తుంది. కాబట్టి అక్కడికి సర్దుకోవాల్సింది దుమ్ముకి, పొడిగాలికి, రాత్రి చలికి. ఎండ సంగతి వీటి తర్వాత.

ఇక బ్యాగు. మొదటిసారి నాలుగు చక్రాల గట్టి ట్రాలీ సూట్‌కేసు తీసుకెళ్లాను. ఎయిర్‌పోర్టులో బాగానే దొర్లింది. క్యాంపులో కారు దగ్గర్నుంచి టెంటు దాకా కంకరలో ఈడ్చేసరికి ఒక చక్రం ఊడింది. 2018లో మందపాటి కాన్వాస్ డఫెల్ బ్యాగు కొన్నాను, ఇప్పటికీ అదే వాడుతున్నాను. చక్రాలు లేవు, లోపల అరలు లేవు. కారు డిక్కీలో ఎంత చోటుంటే అంతలో ఒదిగిపోతుంది. మూడో ప్రయాణం తర్వాత పట్టీ దగ్గర కుట్టు వదిలితే మా వీధిలో చెప్పులు కుట్టే ఆయన తోలు ముక్క వేసి కుట్టిచ్చాడు. ఆ తర్వాత అక్కడ ఒక్క పోగు కూడా కదల్లేదు. దానికున్న లోపమంతా జిప్పులోనే.

వాల్విస్ బే నుంచి ఎడారి లోపల సాలిటేర్ అనే చిన్న మజిలీ దాకా దాదాపు 230 కిలోమీటర్లు. ఊరు దాటిన కాసేపటికి తారు అయిపోయి కంకర రోడ్డు మొదలవుతుంది. మధ్యలో పెట్రోల్ బంకు లేదు. రోడ్డంతా అడ్డంగా అలలు పడి ఉంటుంది, కారు రేకుల కప్పు మీద నడుస్తున్నట్టు అదురుతుంది. ఆ అదురుకి తలుపుల సందుల్లోంచి దుమ్ము లోపలికి వస్తుంది. మొదటిసారి సాలిటేర్‌లో ఆగి సూట్‌కేసు తెరిస్తే బట్టల ప్రతి మడతలోనూ బూడిదరంగు పిండి చల్లినట్టుంది. బ్రష్షు కుచ్చులో దుమ్ము, దువ్వెన పళ్లలో దుమ్ము. రెండోసారి నుంచి దిండు గలీబులు వాడుతున్నాను. ఒక్కో జత బట్టలు ఒక్కో గలీబులో పెట్టి, నోరు మెలితిప్పి కింద పడేలా మడిచి పెడతాను. పైన దుమ్ము పట్టినా లోపలి జత శుభ్రంగా ఉంటుంది. విడిచిన బట్టలకి ఖాళీ అయిన గలీబు పనికొస్తుంది. రాత్రి దాన్లోనే స్వెట్టర్ కుక్కితే దిండు. ప్లాస్టిక్ కవర్ల కన్నా ఇదే మేలు. పైగా అక్కడి నేషనల్ పార్కుల్లోకి ప్లాస్టిక్ సంచులు తీసుకెళ్లనివ్వరు.

జిప్పు పళ్లలో ఆ దుమ్ము చేరితే మధ్యలో బిగుసుకుపోతుంది. బలవంతంగా లాగితే విరుగుతుంది. పాత టూత్‌బ్రష్‌తో దులిపి, కొవ్వొత్తి ముక్కతో రెండు వైపులా రుద్దితే మళ్లీ కదులుతుంది. నూనె మాత్రం రాయకండి. నేను ఒకసారి రాశాను. దుమ్మంతా దానికి అంటుకుని ముద్దయి కూర్చుంది.

తిండి సామాను గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. నమీబియా విస్తీర్ణం మన రెండు తెలుగు రాష్ట్రాలు కలిపినదానికి మూడింతలు, జనం 30 లక్షలు. ఏదైనా మర్చిపోతే పక్క వీధికెళ్లి కొనుక్కునే దేశం కాదది. ప్రయాణంలో తినడానికి కట్టుకెళ్లేదాన్ని అక్కడివాళ్లు ఆఫ్రికాన్స్ భాషలో 'పాడ్‌కోస్' అంటారు. తమ్ముడు ఆ మాట చెప్పగానే మా అమ్మమ్మ నోట విన్న 'దారిబత్తెం' గుర్తొచ్చింది. రెండూ అచ్చంగా ఒకటే.

మొదటిసారి ఆవకాయని మరమూత ప్లాస్టిక్ సీసాలో పెట్టాను. ఆ రోడ్డు అదురుకి మూత తనంతట తనే మర తిరిగి వదులైంది. నూనె కారి రెండు కుర్తాలు పాడయ్యాయి. ఇప్పుడు స్టీలు డబ్బాలో పెట్టి, మూత మీద పాత చీర గుడ్డ వేసి, జాడీకి వాసెన కట్టినట్టు తాడుతో బిగించి కడతాను. అయిదు ప్రయాణాల్లో చుక్క కారలేదు. కందిపొడి, వేయించిన అటుకులు, పులిహోర గుజ్జు కూడా స్టీలు డబ్బాల్లోనే. క్లిప్పుల ప్లాస్టిక్ డబ్బాలకి రెండు ట్రిప్పుల్లోనే చెవులు విరిగాయి. బియ్యం, పప్పు, పిండి ఇక్కడి నుంచి మోయక్కర్లేదు, అక్కడి సూపర్ మార్కెట్లో దొరుకుతాయి. అక్కడ 'మహంగు' అని పిండి ప్యాకెట్లు చూసి ఏమిటా అని కొన్నాను. తీరా చూస్తే మన సజ్జపిండి! ఉత్తరాన ఉండే ఒవాంబో జనం దాంతో చేసుకునే ముద్ద మన సంకటే. క్యాంపులో సజ్జ సంకటి, కందిపొడి, నెయ్యి వేసుకుని తిన్న రాత్రులు నాకు చాలా ఇష్టమైనవి.

నీళ్లకి మనిషికి రోజుకి 5 లీటర్ల లెక్కన క్యాన్లు అక్కడే కొంటాం. ఇంటి నుంచి తీసుకెళ్లేది ఒక స్టీలు సీసా, రెండు ఉన్ని మేజోళ్లు. మేజోడు తడిపి సీసాకి తొడిగి నీడలో గాలికి వేలాడదీస్తే గంటలో నీళ్లు కూజా నీళ్లంత చల్లబడతాయి. తీరం దాటి ఎడారి లోపలికెళ్తే గాలిలో తడి లేదు కాబట్టే ఇంత బాగా పనిచేస్తుంది. విశాఖలో మా వదిన ప్రయత్నిస్తే పెద్దగా తేడా తెలియలేదంది.

ఆ పొడిగాలి ఒంటిని మాత్రం పీల్చేస్తుంది. రెండో రోజుకే పెదాలు పగిలాయి, మూడో రోజు ముక్కులోంచి సన్నగా రక్తం వచ్చింది, చాలా కంగారుపడ్డాను. అప్పటి నుంచి పొద్దున, రాత్రి ముక్కు లోపల కొబ్బరినూనె రాసుకుంటున్నాను, మళ్లీ రాలేదు. అయితే ఇసుక దిబ్బల దగ్గరుండే సెస్రియెమ్ క్యాంపులో తెల్లవారుజామున 4 డిగ్రీలు ఉంటే నూనె సీసాలోనే రాయిలా గడ్డకట్టింది. చిన్న డబ్బీలో పోసి పడుకునేటప్పుడు రగ్గులో పెట్టుకుంటే మెత్తగా ఉంటుంది. కళ్లలో వేసుకునే చుక్కల మందు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు తప్పనిసరి. రోజూ వేసుకునే మందులుంటే డాక్టర్ చీటీతో సహా పెట్టుకోండి.

బట్టల్లో నాకు అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చింది రెండున్నర మీటర్ల కాటన్ చున్నీ. దుమ్ము లేస్తే ముక్కుకీ నోటికీ కట్టుకుంటాను, ఎండెక్కితే తలకి చుట్టుకుంటాను, రాత్రి మెడకి. పొద్దున్నే సాసస్‌వ్లెయి అనే చోట ఇసుక దిబ్బలెక్కడానికి బయలుదేరేటప్పుడు లోపల థర్మల్, దాని మీద కుర్తా, పైన స్వెట్టర్, గాలి ఆపే జాకెట్, మంకీ క్యాప్. పదింటికల్లా ఇవన్నీ ఒక్కొక్కటే విప్పి నడుముకి కట్టుకోవాల్సిందే. అందుకే మందపాటి కోటు ఒకటి కన్నా పల్చటివి నాలుగు పెట్టుకోండి. జీన్స్ వద్దు. బరువు, ఉతికితే చలికి త్వరగా ఆరదు.

చెప్పుల విషయంలో పొరబడితే నడవలేరు. రబ్బరు చెప్పులతో క్యాంపులో తిరుగుతుంటే ముల్లు అడుగు చీల్చుకుని అరికాల్లోకి దిగింది. అక్కడ నీడనిచ్చే పెద్ద చెట్లు మన తుమ్మ జాతివే, ముళ్లు వేలి పొడవుంటాయి. అడుగు మందంగా ఉన్న, చీలమండ దాకా వచ్చే బూట్లు ఒక జత చాలు. పొద్దున వేసుకునే ముందు బోర్లించి దులపండి, తేళ్లు దూరతాయి. ఆ దిబ్బల మధ్యే ఉన్న డెడ్‌వ్లెయి అనే ఎండిన మడుగులో వందల ఏళ్ల కిందట ఎండిపోయిన చెట్లు నల్లగా అలాగే నిలబడి ఉంటాయి. అక్కడికి ఇసుకలోనే నడవాలి. పొద్దున్నయితే బూట్లు విప్పి మేజోళ్లతో నడిచాను, హాయిగా ఉంది. మధ్యాహ్నం ఆ ఇసుక మీద కాలు పెట్టలేం.

డబ్బులు దండగైంది యూనివర్సల్ అడాప్టర్‌కి. 900 రూపాయలు పెట్టి కొన్నాను, అక్కడి గోడల్లో ఒక్కదానికీ పట్టలేదు. నమీబియాలో ఉండేవి లావు గుండ్రటి మూడు పిన్నుల సాకెట్లు, అంటే మన ఇళ్లలో గీజర్‌కి వాడే 15 ఆంప్స్‌వి. కరెంటూ మనలాగే 220 వోల్టులు. మన ఎలక్ట్రికల్ షాపులో దొరికే 15 ఆంప్స్ కన్వర్టర్ ప్లగ్ రెండు కొనుక్కుంటే సరిపోతుంది. తమ్ముడి ఇంట్లో ఇప్పటికీ నేను తెచ్చినవే వాడుతున్నారు. తలకి తగిలించుకునే టార్చి కూడా మర్చిపోవద్దు. చేతి టార్చితో టెంటు ముడి విప్పడం కష్టం.

ఇథియోపియాలోని అడిస్ అబాబాలో విమానం మారేవాళ్లు ఎల్లో ఫీవర్ టీకా కార్డు పాస్‌పోర్టుతోపాటే ఉంచుకోండి. తిరిగొచ్చేటప్పుడు మన ఎయిర్‌పోర్టులో నన్ను అడిగారు. నేను హైదరాబాద్ నారాయణగూడలోని ఐపీఎంలో (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) వేయించుకున్నాను. టీకా వేశాక 10 రోజులకి గానీ కార్డు చెల్లదు కాబట్టి చివరి వారం దాకా ఆగొద్దు. తర్వాత జీవితాంతం చెల్లుతుంది.

మొదటిసారి 23 కిలోలు మోశాను, పోయినసారి తిండి డబ్బాలతో కలిపి 14 కిలోలే. ఇప్పుడు బ్యాగు అటక మీద ఉంది. పెద్ద జిప్పులో నాలుగు పళ్లు అరిగిపోయాయి. వచ్చే ఆగస్టులోగా దాని బదులు లావు పళ్ల ఇత్తడి జిప్పు వేయించి, మళ్లీ ఇదే బ్యాగు తీసుకెళ్తాను. తమ్ముడైతే ఈసారి కందిపొడి రెండు డబ్బాలు తెమ్మన్నాడు.