బూటొక్కటే మార్చాలా, యాక్సిలే దించాలా?

కొబ్బరితోటలోంచి కారు వెనక్కి తీసి, స్టీరింగు చివరిదాకా తిప్పి రోడ్డెక్కిస్తుంటే ముందు చక్రం దగ్గర టక్ టక్ టక్‌మని చప్పుడు. తిన్నగా వెళ్తే ఏమీ లేదు. అమలాపురంలో షెడ్డుకి తీసుకెళ్తే మెకానిక్ చక్రం విప్పి చూపించాడు. డ్రైవ్ షాఫ్టు అంటే గేర్‌బాక్సు నుంచి చక్రాన్ని తిప్పే కడ్డీ, షెడ్డులో యాక్సిల్ అనేది దీన్నే. దాని చివర జాయింటుకి తొడిగిన రబ్బరు బూటు మడతలో అంగుళం చీలిక, రిమ్ము లోపలివైపంతా నల్లగా గ్రీజు చిమ్మింది. “బూటొక్కటే వేసేద్దామాండీ, యాక్సిలే మార్చేద్దామాండీ?”

బూటు వందల్లో పోతుంది, యాక్సిల్ వేలల్లో. ఎవరైనా బూటే అంటారు. కానీ పని దేనికైనా ఒకటే: హబ్ నట్టు విప్పాలి, కింద బాల్ జాయింటు ఊడదీయాలి, షాఫ్టు లాగాలి. బూటు లోపలి జాయింటు అరిగిపోయాక బూటు వేస్తే నాలుగు రోజులు కొత్త గ్రీజు చప్పుణ్ణి మింగుతుంది, తర్వాత మళ్లీ అదే కూలి.

తేల్చేది గ్రీజే. రెండు వేళ్ల మధ్య రుద్దాను, గరగరమంది. ఇసుక! సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు ఎక్కించేటప్పుడు పడిందో, వరదనీళ్లు పారుతున్న కాజ్‌వే మీద పోనిచ్చినప్పుడు దూరిందో. నీళ్లు తగిలితే గ్రీజు చెడుతుంది, జాయింటు లోపలి గుళ్లు గాడి తింటాయి. గ్రీజు నున్నగా ఉండి చప్పుడు లేకపోతే మాత్రం బూటు చాలు, యాక్సిల్ దండగ.

మాది ఎర్టిగా. గేర్‌బాక్సు వైపు ఉండే లోపలి జాయింటులో ఊగులాట లేదు, యాక్సిలరేటర్ తొక్కితే వణుకూ లేదు. కాబట్టి చక్రంవైపు ఉండే బయటి జాయింటు, బూటు, గ్రీజు కలిపి కిట్టు వేయించా. కొన్ని కార్లకి ఆ జాయింటు మీదే ఏబీఎస్ (బ్రేకు వేస్తే చక్రం బిగుసుకుపోకుండా చూసేది) పళ్ల రింగు ఉంటుంది. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి పళ్లు లెక్కపెట్టి చూడాలి. లోపలి జాయింటు కూడా పోతే అప్పుడు పూర్తి యాక్సిలే మేలు. మెకానిక్ విజయవాడ ఆటోనగర్ నుంచి సెకండ్‌హ్యాండ్‌ది తెప్పిస్తానన్నాడు గానీ నాకు ధైర్యం చాలలేదు. అది ఏ వరదలో మునిగిన బండిదో ఎవడికి తెలుసు?

ఈకో వాళ్లకి ఈ గొడవే లేదు, వెనక చక్రాలే లాగుతాయి కాబట్టి. అక్కడ టక్కుమంటే ముందు ప్రొపెల్లర్ షాఫ్టు (వెనక చక్రాలకి వెళ్లే పొడవాటి కడ్డీ) జాయింట్లు చూడాలి.

స్టీరింగుకీ ఇదే లెక్క. లూజయిందని వెంటనే రాక్ (స్టీరింగు తిప్పితే చక్రాలని అటూ ఇటూ జరిపే పళ్ల కడ్డీ పెట్టె) మార్చేయమంటే ఒప్పుకోకండి. ముందు టై రాడ్ ఎండ్లు (రాక్‌ని చక్రాలకి కలిపే చివరి జాయింట్లు) చూపించుకోండి, చవగ్గా తేలిపోవచ్చు. అవి మార్చాక అలైన్‌మెంట్ తప్పదు. పాత ఇన్నోవాల్లాంటి ఆయిల్ స్టీరింగుకి రాక్ కారుతుంటే సీల్ కిట్టు సరిపోతుంది, లోపలి కడ్డీ నున్నగా ఉంటేనే. తుప్పు గుంటలు పడితే కొత్త సీళ్లనీ కోసేస్తుంది. అంతర్వేది వైపు ఉప్పుగాలికి తిరిగే బళ్లకి ఆ కడ్డీ చూడకుండా సీళ్లు కొనకూడదు.

చక్రం బిగించే ముందు రెండోవైపు బూటు కూడా మడత విప్పి చూశాం. సన్నటి పగుళ్లు, గ్రీజు బయటికి రాలేదు, చప్పుడూ లేదు. దానికి బూటొక్కటే వేయించా.