తులసిదళం: భయమూ హేతువూ కలిసి నడిచిన నవల

ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వచ్చి, 1980లలో విస్తృతంగా పాఠకాదరణ పొందిన యండమూరి వీరేంద్రనాథ్ నవల ‘తులసిదళం’ను క్షుద్రసాహిత్యమని ఒక్క మాటతో పక్కన పెట్టేవారు దాని నిర్మాణాన్ని సరిగా గమనించలేదని నా అభిప్రాయం. ఇందులో చేతబడి కథతో పాటు ఆస్తి కోసం పన్నిన కుట్ర, వైద్యుల రోగనిర్ధారణ, హిప్నాటిజం కలిసి నడుస్తాయి. చిన్నారి తులసి మంచాన పడ్డాక, చేతబడి చేసిన మంత్రగాణ్ణి వెతుక్కుంటూ వెళ్లినవారి ప్రయాణం ఒకవైపు, వైద్యం చేసేవారి ప్రయత్నం మరొకవైపు సమాంతరంగా సాగి, రెండూ ఒకేసారి కొలిక్కి వస్తాయి. పాపను బతికించింది ఏదన్న ప్రశ్నకు రచయిత తీర్పు చెప్పరు. భిన్న ప్రక్రియలను కలిపి రాయదలచినవారు అన్నిటికన్నా శ్రద్ధగా చదవవలసింది ఈ భాగాన్నే, ఎందుకంటే ఇక్కడ నమ్మకానికీ హేతువుకూ సమానమైన బలం దక్కింది తప్ప, ఏదీ రెండవదానికి అలంకారంగా మిగిలిపోలేదు. వారం వారం ఉత్కంఠ నిలపడానికి వేసిన మలుపులు పుస్తకంగా చదివేటప్పుడు కొంత బరువనిపిస్తాయి. అడవిలోని తెగను క్షుద్రవిద్యలకు నిలయంగా చూపిన తీరు మాత్రం నన్ను నిజంగా బాధించింది. నేటి రచయితలు ఈ నవల నుంచి కథన పద్ధతిని తీసుకోవాలి గానీ ఆ చిత్రణను కాదు. పెద్దలకు దీనిని నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను, పిల్లల చేతికి మాత్రం ఇవ్వను.