సన్న వడ్ల బోనస్, రైతు భరోసా: కౌలు రైతుకు ఏది మేలు?

తెలంగాణలో వరి రైతుకు సర్కారు సొమ్ము రెండు దారుల్లో వస్తోంది. రైతు భరోసా భూమిని చూసి ఇచ్చేది: ఎకరాకు ఏడాదికి 12 వేలు, అంటే పంటకు 6 వేలు. బోనస్ గింజను చూసి ఇచ్చేది: సన్న వడ్లకు మద్దతు ధర మీద క్వింటాలుకు 500. రెండూ కావాలనే ఎవరైనా అంటారు. కానీ 2024 వానాకాలం భరోసా అసలు పడనే లేదు. ఆ తర్వాతి యాసంగి బోనస్ కోసం రైతులు నెలల తరబడి ఎదురుచూశారు. ఖజానా రెండింటికీ సరిపోనప్పుడు ఏది ముందో తేల్చుకోక తప్పదు.

ఎకరాకు 20 క్వింటాళ్ల సన్నాలు పండాయనుకుందాం. బోనస్ 10 వేలు, భరోసా 6 వేలు. 12 క్వింటాళ్లు దాటితే చాలు, బోనసే పైచేయి. 2025-26లో ఏ గ్రేడు వరి మద్దతు ధర 2,389 కాబట్టి, బోనస్ కలిస్తే క్వింటాలు 2,889 పలుకుతుంది. బోరో కాలువో ఉన్న రైతుకు ఇది మంచి ధరే.

అయితే ఆ పది వేలు చేతికి రావడం అంత తేలిక కాదు. తేమ 17 శాతం లోపు ఉండాలి. రకం సర్కారు చెప్పిన 33 సన్నాల్లో ఒకటి కావాలి. సర్కారు కొనుగోలు కేంద్రంలో గుప్పెడు వడ్ల పొట్టు తీసి బియ్యపు గింజను కాలిపర్‌తో కొలుస్తారు: పొడవు 6 మిల్లీమీటర్లు, వెడల్పు 2 మిల్లీమీటర్లు దాటకూడదు. కాంటా అయ్యేదాకా కుప్ప మీద టార్పాలిన్ కప్పుకుని, మబ్బు పట్టినప్పుడల్లా గుండె దడతో కాపలా కాయాలి. అంత ఓపిక, ఆరబోసే జాగా లేనివాళ్లు కోత మిషన్ దగ్గర్నుంచే పచ్చి వడ్లను మిర్యాలగూడ మిల్లులకు తోలేస్తారు. వాళ్లకు బోనస్ లేదు.

భరోసాకు కాంటా లేదు, తేమ గొడవ లేదు. ఆదిలాబాద్ పత్తికీ తాండూరు కందికీ అందుతుంది. మెట్ట రైతుకు బోనస్ పైసా కూడా ఇవ్వదు, పైగా అందరినీ వరి వైపే లాగుతుంది. ఈ ఒక్క కారణానికే భరోసాను తీసిపారేయలేం.

కానీ ఆ డబ్బు పడేది పట్టాదారు ఖాతాలో. 2018లో ఎకరాకు 4 వేలతో, భరోసాకు ముందున్న రైతుబంధు మొదలైనప్పటి నుంచీ ఇదే తీరు. కౌలు కట్టి, అప్పు తెచ్చి, పురుగు మందు కొట్టి పండించినవాడికి ఏమీ రాదు. పాసుబుక్కు ఉంటే పట్నంలో కూర్చున్నా వస్తుంది. కౌలు రైతులకూ భరోసా ఇస్తామని 2023 ఎన్నికల్లో చెప్పిన మాట ఇంకా మాటగానే ఉంది. వాళ్లను గుర్తించడం కుదరదనడానికీ లేదు: రుణ అర్హత కార్డులు ఇచ్చేందుకు 2011లోనే ఉమ్మడి రాష్ట్రంలో చట్టం చేశారు.

మూడో దారి కూడా ఒకటుంది. మార్కెట్ ధర మద్దతు ధర కంటే పడిపోతే ఆ తేడా మాత్రం సర్కారు కడుతుంది. మధ్యప్రదేశ్ 2017లో భావాంతర్ పేరుతో ఇది చేసింది. తేడా ఎలాగూ సర్కారు ఇస్తుందని వ్యాపారులు మండీల్లో ధర దించేశారని రైతులు మొత్తుకున్నారు. సర్కారు స్వయంగా కొనని చోట దీన్ని నేను నమ్మను.

ఇప్పుడున్న పద్ధతుల్లో నా మొగ్గు బోనస్‌కే, ఎందుకంటే అది పండిన పంట వెంట వస్తుంది. రేపు భరోసాను సాగు చేసేవాడి పేరున, ఎకరాలకు హద్దు పెట్టి ఇస్తే, ఆ రోజు భరోసానే మేలంటాను.

ఈలోగా సన్నాలు వేసే కౌలు రైతులు విత్తనం కొనేముందు రకం ఆ 33లో ఉందో లేదో చూసుకోండి, రసీదు దాచుకోండి. పంట నమోదుకు వ్యవసాయ విస్తరణ అధికారి (ఏఈవో) వచ్చినప్పుడు పొలంలోనే ఉండి, సాగుదారుగా మీ పేరే రాయించండి. అక్కడ పేరు లేకపోతే వడ్ల డబ్బుకూ బోనస్‌కూ పట్టాదారు ఖాతా వైపే చూడాల్సి వస్తుంది.