1935 చట్టం రీప్రింట్: బొబ్బిలి కోసం కొన్నా, బైండింగ్ దెబ్బకొట్టింది

ఇది 1935 గవర్నమెంట్ ఆఫ్ ఇండియా యాక్ట్, బ్రిటిష్ కాలంలో రాష్ట్రాల అసెంబ్లీ సీట్లూ ఓటుహక్కూ ఇందులోనే ఉంటాయి. మూడు స్టార్లు ఇస్తున్నా, అందులో రెండు ఎవరికి ఓటుందో చెప్పే ఆరో షెడ్యూలుకే.

ముందు ఎందుకు కొన్నానో చెప్తా. మా అమ్మమ్మ వాళ్లది బొబ్బిలి పక్కన పల్లెటూరు. సెలవులకి వెళ్తే తాతయ్య రెండే కథలు చెప్పేవాడు, ఒకటి 1757 నాటి తాండ్ర పాపారాయుడిది, రెండోది 1937 ఎలక్షన్లో బొబ్బిలి రాజావారు రామకృష్ణ రంగారావు గారు కాంగ్రెస్ తరఫున నిలబడ్డ వీవీ గిరి చేతిలో ఓడిపోవడం. మొదటిది సినిమా చూసినట్టు అర్థమైపోయేది. రెండోదే బుర్రకెక్కేది కాదు. రాజావారంటే 1932లో మద్రాసు ప్రెసిడెన్సీ ముఖ్యమంత్రి అయిన మనిషి, అప్పట్లో కాంగ్రెస్‌కి పోటీగా ఉన్న జస్టిస్ పార్టీకి పెద్ద తలకాయ, అలాంటాయన సొంత ఊళ్లో, సొంత రైతుల మధ్య, బరంపురం నుంచి వచ్చిన రైల్వే యూనియన్ లీడర్ చేతిలో ఎలా ఓడిపోతాడు?

ఆన్‌లైన్‌లో ఈ రీప్రింట్ కనపడింది, పేజీలో "నియోజకవర్గాల వివరాలన్నీ కలవు" అని రాసుంది, 690 రూపాయలు పెట్టి ఆర్డర్ చేశా. అట్ట బాగుంది. లోపలంతా స్కాన్, ఒకచోట స్కాన్ చేసినాయన బొటనవేలు కూడా అచ్చయింది, గోరు మీద సిరా మచ్చతో సహా. సరే దాన్ని క్షమించా. కానీ ఏ వర్గానికి ఎన్ని సీట్లో చెప్పే ఐదో షెడ్యూలు పట్టికని అడ్డంగా వేయాల్సింది నిలువుగా ఇరికించారు, కుడివైపు కాలమ్‌లు బైండింగ్ లోపలికి వెళ్లిపోయాయి. పుస్తకాన్ని విరిచి పట్టుకుని, ఫోన్ లైటు వేసి, ఒక కన్ను మూసి చదివా.

చదివితే మాత్రం మజా ఉంది. మద్రాసు అసెంబ్లీకి మొత్తం 215 సీట్లు. జనరల్ 146, అందులో 30 షెడ్యూల్డ్ కులాలకి. ముస్లింలకి 28, భారతీయ క్రైస్తవులకి 8, యూరోపియన్లకి 3, ఆంగ్లో ఇండియన్లకి 2, వ్యాపారులకి 6, కార్మికులకి 6, జమీందార్లకి 6, యూనివర్సిటీకి ఒకటి, స్త్రీలకి 8, వెనకబడిన ప్రాంతాలూ తెగలకి ఒకటి. ఊరంటే ఒకే ఊరు కాదన్నమాట, ఒకే వీధిలో పక్కపక్క ఇళ్లవాళ్లు వేర్వేరు నియోజకవర్గాల్లో ఉండొచ్చు. జమీందార్లకి విడిగా సీట్లున్నా రాజావారు బొబ్బిలిలోనే నిలబడ్డారు, అక్కడే దొరికిపోయారు.

ఎందుకు దొరికారో ఆరో షెడ్యూల్లో ఉంది. మద్రాసులో ఎవరికి ఓటు అన్న లిస్టులో పన్ను కట్టేవాళ్లు, చదవడం రాయడం వచ్చినవాళ్లు, సైనికుల పెన్షన్ మీద బతికే వితంతువులూ తల్లులూ ఉన్నారు, వాళ్లతో పాటు 1908 ఎస్టేట్స్ లాండ్ యాక్ట్ (జమీందారీల్లో రైతుల భూమి హక్కుల చట్టం) కింద హక్కు ఉన్న జమీ రైతులు కూడా. అంటే ఎవరైతే రాజావారికి శిస్తు కడతారో వాళ్ల చేతికే ఓటు. ఆ లైను చూసి మంచం మీంచి లేచి కూర్చున్నా. తాతయ్య "ఏటనుకున్నావు, పసుపు పెట్టెరా" అనేవాడు, అప్పుడు నాకు పసుపు డబ్బా గుర్తొచ్చేది! చదువురాని ఓటరు కోసం రంగు పెట్టెలు పెట్టారు, కాంగ్రెస్‌ది పసుపు, గాంధీకీ పసుపు పెట్టెకీ ఓటెయ్యండి అని ప్రచారం. ఓటేశాక ఎవరికేశావని దివాణంలో అడిగితే మాత్రం చెప్తారా? రాష్ట్రం మొత్తం మీద కాంగ్రెస్‌కి 159 వచ్చాయి. గిరిగారు రాజాజీ మంత్రివర్గంలో కార్మిక మంత్రి అయ్యారు, తర్వాత 1969లో రాష్ట్రపతి.

ఇంక కంప్లైంటు. నియోజకవర్గాల హద్దులు ఇందులో లేవు. అవి 1936లో వచ్చిన వేరే ఆర్డర్లో ఉంటాయి, ఈ చట్టం 321 సెక్షన్లు, 10 షెడ్యూళ్లతో అయిపోతుంది. మరి "అన్నీ కలవు" అని ఎలా రాశారు? రెండుసార్లు మెసేజ్ పెట్టా, ఒక దండం బొమ్మ వచ్చింది అంతే.

చివరికి మా వీధి జిరాక్స్ షాపులో 60 రూపాయలిచ్చి కుట్లు విప్పించి స్పైరల్ చేయించా, ఇప్పుడు అన్ని కాలమ్‌లూ కనపడుతున్నాయి. కొనేవాళ్లు కవర్ విప్పగానే ఐదో షెడ్యూలు తీయండి, కుడి చివర స్త్రీల సీట్ల కాలమ్ కనపడకపోతే అప్పుడే రిటర్న్ పెట్టేయండి.